తులసికోట, మనీప్లాంట్, మన మనసు: మొక్క నిజంగా ఏం చేస్తుంది?

నాలుగేళ్ళ కింద నాన్న పోయాక అమ్మని ప్రొద్దుటూరు నుంచి బెంగళూరుకి తీసుకొచ్చేశాం. బస్సులో దారి పొడుగునా ఒళ్ళో ఒక పాలప్యాకెట్ కవరు పట్టుకుని కూర్చుంది, అందులో పిడికెడు మట్టితో రెండు తులసి మొక్కలు. వేరే సామాను ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. మారతహళ్ళిలో మాది మూడో అంతస్తు, బాల్కనీ ఉత్తరం వైపు, ఎండ దాదాపుగా రాదు. మొదటి మొక్క నెల తిరక్కుండానే ఆకులన్నీ రాల్చేసింది. రెండోది కూడా వాడిపోతుంటే అమ్మ "మీ నాయన పాయ, ఇప్పుడు తులసమ్మ కూడా..." అని అంతటితో ఆపేసింది. ఆ మాటలోని భయం నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇంట్లో మొక్కల గురించి నేను చదవడం మొదలుపెట్టింది అప్పుడే. చదివేకొద్దీ అర్థమైంది, ఇది పెద్ద చిక్కుముడి. మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వారానికొకటి వస్తుంది: స్నేక్ ప్లాంట్ రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది, తులసి ఇరవై నాలుగు గంటలూ ఇస్తుంది, మనీప్లాంట్ ఆగ్నేయంలో పెడితే డబ్బు నిలుస్తుంది, మొక్కలుంటే డిప్రెషన్ రాదు. సైన్సు, శాస్త్రం, నమ్మకం, నర్సరీ వ్యాపారం అన్నీ ఒకే మెసేజ్‌లో కలిసిపోయి ఉంటాయి. నమ్మేవాళ్ళు మొత్తం నమ్మేస్తారు, నమ్మనివాళ్ళు మొత్తం తోసేస్తారు. రెండు చోట్లా అసలు సంగతి పోతోందని నా బాధ. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను: మొక్క ఇంట్లో ఉండటం కన్నా ఆ మొక్కని మన చేత్తో చూసుకోవడంలోనే మేలు ఎక్కువ ఉంది. ఎందుకో ఒక్కో ముడీ విప్పుకుంటూ వద్దాం.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం, అది సులువు. మొక్కలు ఇంట్లో గాలిని శుభ్రం చేస్తాయన్న మాట పుట్టింది 1989లో నాసా చేసిన పరీక్షల నుంచి. అంతరిక్షంలో మూసేసిన గదుల్లో గాలిని ఎలా శుభ్రం చేయాలన్న ఆలోచనతో, గాలి చొరబడని చిన్న పెట్టెల్లాంటి గదుల్లో మొక్కలు పెట్టి, బెంజీన్ లాంటి రసాయనాలు ఎంత తగ్గుతాయో కొలిచారు. తగ్గాయి, అది నిజమే. కానీ మన ఇల్లు సీలు వేసిన పెట్టె కాదు, కిటికీ తీస్తాం, తలుపు సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి పరీక్షలన్నిటినీ మళ్ళీ లెక్కగట్టి, మామూలుగా గాలి ఆడటం వల్ల జరిగే శుభ్రతకి మొక్కలు సాటి రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌కి అతి తక్కువగా లెక్కేసుకున్నా 930 కుండీలు. కిటికీ తీసుకుంటే సరిపోతుంది.

రాత్రి ఆక్సిజన్ కూడా అంతే. స్నేక్ ప్లాంట్, కలబంద లాంటివి ఎండ దేశాల మొక్కలు, పగలు ఆకుల రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ని లోపలికి తీసుకుని దాచుకుంటాయి. ఆక్సిజన్ తయారవ్వాలంటే మాత్రం వెలుతురు ఉండాల్సిందే, అది పగటి పని. తులసికి ఈ ఏర్పాటు కూడా లేదు, రాత్రి అది మనలాగే ఊపిరి పీలుస్తుంది. ఇలా చెబితే తులసిని తక్కువ చేసినట్టు కొందరు నొచ్చుకుంటారు. అమ్మ తులసికి దండం పెట్టేది ఆక్సిజన్ కోసం కాదు. మా అవ్వకి ఆ మాటే తెలియదు, అయినా రోజూ ప్రదక్షిణం చేసింది. తులసి గొప్పదనాన్ని ఆక్సిజన్ లెక్కతో నిలబెట్టాలని చూడటమే నాకు చిన్నచూపుగా అనిపిస్తుంది.

మరి మనసు మాటేమిటి? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నిజం ఉంది.

1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రి పాత రికార్డులు తీసి చూశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళు, వయసూ ఆరోగ్యమూ ఇంచుమించు సమానంగా ఉన్న 23 జతలు. ప్రతి జతలోనూ ఒకరి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి, రెండోవాళ్ళకి ఇటుక గోడ కనిపిస్తుంది. చెట్లు కనిపించినవాళ్ళు కొంచెం ముందుగా ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 46 మందే కాబట్టి దీన్ని పట్టుకుని పెద్ద సూత్రాలు చెప్పలేం, కానీ ఆ తర్వాత ఈ దారిలో చాలామంది నడిచారు. 2015లో కొరియాలో 24 మంది యువకులకి ఒకసారి కంప్యూటర్ పని, ఒకసారి ఇండోర్ మొక్కని కుండీ మార్చే పని ఇచ్చి చూస్తే, మట్టిలో చేయిపెట్టినప్పుడు శరీరం కాస్త నెమ్మదించింది, రక్తపోటులో కింది అంకె తగ్గింది. ఇదీ చిన్నదే. అయినా కుండీ మార్చాక చేతులు కడుక్కుంటుంటే లోపల ఏదో సద్దుమణిగినట్టు ఉండటం మీలో చాలామందికి అనుభవమే కదా.

ఇలా ఎందుకవుతుందన్నదానికి నాకు బాగా నచ్చిన వివరణ మనస్తత్వ శాస్త్రవేత్తలైన కాప్లాన్ దంపతులది. రేచల్, స్టీఫెన్ కాప్లాన్ మన ధ్యాస రెండు రకాలంటారు. ఒకటి మనం బలవంతంగా పట్టి ఉంచేది: స్క్రీన్ మీద కోడ్, సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో పక్కనుంచి దూసుకొచ్చే బైకు, మీటింగులో ఎవరేమన్నారో గుర్తుపెట్టుకోవడం. ఇది కండరంలాంటిది, అలిసిపోతుంది. అలిసిపోయాకే చిరాకు, మతిమరుపు, ఇంటికొచ్చి పిల్లల మీద అరవడం. రెండోది ఏ బలవంతమూ లేకుండా దానంతటదే ఆనే ధ్యాస: మబ్బులు కదలడం, ఆకుమీద నీటిబొట్టు జారడం, నిన్న లేని చిగురు ఇవాళ కనిపించడం. రెండోది నడుస్తున్నంతసేపూ మొదటిది విశ్రాంతి తీసుకుంటుందన్నది వాళ్ళ సిద్ధాంతం. ఫోను చూస్తే కూడా ధ్యాస దానంతటదే పోతుంది కదా అని మీరు అడగొచ్చు. పోతుంది, కానీ ఫోను మనల్ని గుంజుకుంటుంది, వరసగా ఒకదాని మీద ఒకటి వేస్తూనే ఉంటుంది, మనసుకి ఖాళీ జాగా మిగలనివ్వదు. ఆకు మిగులుస్తుంది. మొక్క ముందు నిలబడి ఉన్న రెండు నిమిషాల్లో ఎప్పుడో సగంలో వదిలేసిన ఆలోచన ఒకటి వచ్చి పూర్తవుతుంది. నాకు ఎక్కువగా నాన్న గురించిన ఆలోచనలు అక్కడే పూర్తయ్యాయి.

ఇప్పుడు నేను ఎక్కువగా తలుచుకునే పరిశోధన. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని ఒక వృద్ధాశ్రమంలో చేశారు. రెండు అంతస్తులు, 91 మంది పెద్దవాళ్ళు. ఒక అంతస్తులో వాళ్ళకి ఇలా చెప్పారు: మీ గది ఎలా సర్దుకోవాలో, మీ సమయం ఎలా గడుపుకోవాలో మీరే నిర్ణయించుకోండి, ఇదిగో మొక్కలు, కావాలంటే ఒకటి ఎంచుకోండి, దాన్ని మీరే చూసుకోవాలి. రెండో అంతస్తులో: మీకు సుఖంగా ఉండేలా చూసుకోవడం మా బాధ్యత, ఇదిగో మీకొక మొక్క, నీళ్ళు నర్సులు పోస్తారు. మూడు వారాల తర్వాత మొదటి అంతస్తువాళ్ళు ఎక్కువ హుషారుగా ఉన్నారు, ఎక్కువ మందితో మాట్లాడుతున్నారు, తాము సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఏడాదిన్నర తర్వాత వెళ్ళి చూస్తే చనిపోయినవాళ్ళు మొదటి అంతస్తులో 15 శాతం, రెండో అంతస్తులో 30 శాతం. ఈ చివరి తేడా గణాంకాల ప్రకారం అంత గట్టిది కాదు, పైగా అక్కడ మొక్క ఒక్కటే మారలేదు, వేరే స్వేచ్ఛలూ ఇచ్చారు, కాబట్టి మొక్క పెంచితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా దీన్ని చూపిస్తే నమ్మకండి. నన్ను ఆపేసింది వేరే విషయం. మొక్క రెండు అంతస్తుల్లోనూ ఉంది. పచ్చదనం ఇద్దరి కళ్ళ ముందూ ఉంది. మొక్క వరకూ చూస్తే నీళ్ళు ఎవరు పోయాలన్నదే తేడా.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే అమ్మ వచ్చిన దగ్గర్నుంచి మేం చేసింది సరిగ్గా రెండో అంతస్తు పనే. నువ్వు కూర్చో అమ్మా, వంట పనమ్మాయి చేస్తుంది. నువ్వు కూర్చో, కూరగాయలు ఆన్‌లైన్‌లో వస్తాయి. నువ్వు రెస్టు తీసుకో. ప్రేమతోనే అన్నాం, అందులో అనుమానం లేదు. కానీ నలభై ఏళ్ళు ఒక ఇల్లు నడిపిన మనిషికి, ఒకరికి మూడుపూటలా వండి, మందులు గుర్తుచేసి, కోపాలు సర్దిన మనిషికి, హఠాత్తుగా ఆమె అవసరం ఎవరికీ లేకుండా చేశాం. తులసి వాడిపోతుంటే ఆమె ఎందుకంత కదిలిపోయిందో అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఆమె చేతి మీద ఆధారపడిన ప్రాణం అదొక్కటే.

మరుసటి ఆదివారం అమ్మని సిద్ధాపుర తీసుకెళ్ళాను. లాల్‌బాగ్ పక్కన ఉన్న ఈ నర్సరీల సందుల్లో కన్నడం, తెలుగు, తమిళం కలిసిపోయి వినిపిస్తాయి. 1760లో హైదర్ అలీ వేయించిన తోట పక్కన నేటికీ మొక్కలమ్మే జనం ఉండటం, తోటపనే కులవృత్తిగా ఉన్న తిగళులు ఇదే ఊళ్ళో ఏటా కరగ ఉత్సవం జరపడం తలుచుకుంటే, బెంగళూరులో మొక్క అన్నది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదని నాకు సంతోషంగా ఉంటుంది. నర్సరీ ఆయన మా సంగతంతా విని, అమ్మ రోజుకి రెండుసార్లు చెంబు నిండా నీళ్ళు పోసిందని తెలుసుకుని, "స్వల్ప నీరు సాకమ్మా" అన్నాడు. కొంచెం నీళ్ళు చాలు.

ఎక్కువమంది మొక్కలు పోయేది ఇక్కడే, అందుకని వివరంగా చెబుతాను. వేరుకి నీరెంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఎడతెరిపి లేకుండా నీళ్ళు పోస్తే ఆ సందులన్నీ నీటితో నిండిపోయి, వేరు ఊపిరాడక కుళ్ళిపోతుంది. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు, దాంతో ఆకు వాడుతుంది, వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి గుచ్చి, తడి తగిలితే పోయకండి. ఇక తులసికి రోజుకి కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగలాలి, ఉత్తరపు బాల్కనీలో అది బతకదు. డిసెంబరు, జనవరిలో బెంగళూరు రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి, అప్పుడు తులసి ఎదుగుదల ఆపి నీరసిస్తుంది, అదే నీళ్ళు అదే లెక్కన పోస్తే పోతుంది. పూల వెన్నులు ముదరనిస్తే శక్తంతా గింజలకి పోయి మొక్క కట్టెబారుతుంది, అందుకని తుంచుతూ ఉండాలి. బాగా చూసుకున్నా కుండీలో తులసి ఆయుష్షు కొన్నేళ్ళే. తులసి వాడితే ఇంటికి కీడని భయపడే ఆడవాళ్ళు ఎంతోమంది, అమ్మ ఒక్కతే కాదు. వాళ్ళందరికీ చేతులు పట్టుకుని చెప్పాలని ఉంటుంది: అది కీడూ కాదు, మీ తప్పూ కాదు. చలి, నీడ, ఎక్కువైన నీళ్ళు, అంతే.

మేం కుండీని ఉత్తరపు బాల్కనీ నుంచి తూర్పు వైపున్న యుటిలిటీలోకి మార్చాం. వాషింగ్ మెషీన్ పక్కన తులసి ఏమిటని నాకు ఇబ్బందిగా అనిపించింది, అమ్మకి అనిపించలేదు, తూర్పు ఎండ పడుతోంది కదా అంది. మూడు వారాలకి మారాకు వేసింది.

మన వాళ్ళు కొందరిని హస్తవాసి మంచిది అంటారు, వాళ్ళు ఏ కొమ్మ గుచ్చినా బతుకుతుందని. అమ్మని కూడా ఊళ్ళో అలాగే అనేవాళ్ళు. నేను ఇన్నాళ్ళూ అదేదో పుట్టుకతో వచ్చేదనుకున్నాను. పక్కనుండి చూశాక తెలిసింది, ఆమె ప్రతిరోజూ ప్రతి ఆకూ తిప్పి చూస్తుంది. పిండినల్లి తెల్లగా కనిపించిన మొదటి రోజే తడిగుడ్డతో తుడిచేసి వేపనూనె నీళ్ళు చల్లుతుంది. నేనైతే పదో రోజు చూస్తాను, అప్పటికి ఆలస్యం అయిపోతుంది.

ఆధ్యాత్మికం అన్న మాటని నేను ఈ వైపు నుంచే అర్థం చేసుకున్నాను. వాస్తు మూల, పాజిటివ్ ఎనర్జీ గురించి నాకు చెప్పడానికేమీ లేదు. మన పెద్దవాళ్ళు తులసి చుట్టూ పెట్టిన నియమాలు మాత్రం గమనించండి. స్నానం చేసి నీళ్ళు పోయాలి. చుట్టూ తిరగాలి, అంటే నాలుగు వైపుల నుంచీ మొక్కని చూడాలి. ఆకు కోసేముందు దండం పెట్టాలి. ఆదివారం, ద్వాదశి నాడు కోయకూడదు, పొద్దుగూకాక ముట్టుకోకూడదు, చెట్టు నిద్రపోతుందంటారు. చిన్నప్పుడు ఇవి ఆంక్షల్లాగా ఉండేవి. ఇప్పుడు చూస్తే ఇవన్నీ మనిషిని నెమ్మదిపరిచే పద్ధతులు. చేయి చాపి తెంపేసుకోకుండా ఒక్క క్షణం ఆగమంటాయి, ఇది నీ కోసమే పుట్టింది కాదు, అడిగి తీసుకో అంటాయి. చెట్టు నిద్ర కూడా వట్టి మాటేం కాదు. బెంగళూరు రోడ్ల మీద గొడుగుల్లా పరుచుకున్న నిద్రగన్నేరు చెట్లని సాయంత్రం ఆరున్నరకి తలెత్తి చూడండి, ఆకులు జతలుగా ముడుచుకుని ఉంటాయి. చింతచెట్టూ అంతే. జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనిపించని మొక్క ఎదుగుదలని వేల రెట్లు పెద్దది చేసి చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారుచేసి, మొక్కలు తాకిడికీ వేడికీ ఎలా స్పందిస్తాయో కొలిచాడు. అంతమాత్రాన మొక్కకి మనలాంటి నొప్పీ బాధా ఉంటాయని చెప్పలేం, మెదడూ నరాలూ లేవు. స్పందించే ప్రాణం అని తెలియడం చాలు, దాని పక్కన మన నడక మారుతుంది.

ఇంకొకటి, దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. గీత తొమ్మిదో అధ్యాయంలో ఆకు, పువ్వు, పండు, నీళ్ళు, వీటిలో ఏది భక్తితో ఇచ్చినా స్వీకరిస్తానంటాడు కృష్ణుడు. డబ్బుతో కొనలేనివేం కాదు అవి. కానీ సొంత కుండీలో పూసిన ఒక్క నందివర్ధనం దేవుడి దగ్గర పెట్టినప్పుడు, ఆ పువ్వు వెనక మూడు నెలల ఎదురుచూపు ఉంటుంది. నీళ్ళు, ఎరువు, ఎండ మన వంతు. మొగ్గ ఎప్పుడు వేయాలో దానిష్టం. రోజంతా డెడ్‌లైన్లతో బతికేవాళ్ళకి తమ తొందరని ఏమాత్రం పట్టించుకోని ప్రాణి ఒకటి ఇంట్లో ఉండటం నిజంగా ఉపశమనం. పైన అంతస్తులో నెల్లూరు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం ఉంది, ఆ ఇంటి పెద్దాయన ఫజర్ నమాజు తర్వాత నేరుగా తన మల్లెచెట్టు దగ్గరికే వెళ్తారు. ఆయనకి తులసి నియమాలు అక్కర్లేదు, ఆ నిలబడటం మాత్రం ఒకటే.

హద్దులు కూడా చెప్పాలి. మొక్క మందు కాదు. వారాల తరబడి నిద్రలేక, తిండి సహించక, బతకాలనిపించక ఉన్న మనిషికి కుండీ కొనిస్తే సరిపోదు, డాక్టరు కావాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, 2022 నుంచి ఉంది. దిగులులో ఉన్నవాళ్ళ చేత చిన్నచిన్న పనులు మళ్ళీ మొదలుపెట్టించడం మానసిక చికిత్సలో ఒక పద్ధతే, మొక్కకి నీళ్ళు పోయడం అలాంటి ఒక చిన్న పని కాగలదు, చికిత్సతో పాటుగా. అలాగే ఇంట్లో పాకే పిల్లలున్నా, పిల్లి ఉన్నా డిఫెన్‌బాకియా, మనీప్లాంట్ అందకుండా పెట్టండి, నమిలితే నోరు మంటపుట్టి వాచిపోతుంది. ఉత్సాహం కొద్దీ ఒకేసారి ముప్పై కుండీలు కొనడం కూడా వద్దంటాను. మనసు నెమ్మదించడానికి మొదలుపెట్టింది ఇంకో టెన్షన్ అవుతుంది, ఊరెళ్ళినప్పుడల్లా భయం. ఒక్కటి పెంచండి, అది మారాకు వేశాక ఇంకొకటి.

2024 మార్చిలో బెంగళూరులో నీటి కరువు వచ్చి, తాగునీటితో తోటలు తడిపితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. మా బోరు ఎండిపోయింది, ట్యాంకరు కోసం పొద్దున్నే క్యూ. అప్పుడు అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్‌లో పట్టి, ఏ కుండీకి ఎన్ని గ్లాసులో లెక్క పెట్టుకుని పోసింది. ఎండాకాలమంతా ఒక్క మొక్క పోలేదు. రెండో అంతస్తులో ఒక కన్నడ ఆవిడ ఉంటారు, అమ్మ కంటే రెండేళ్ళు పెద్ద. ఒకరోజు ఆవిడ కూడా తమ ఇంటి బియ్యం నీళ్ళు ఒక గిన్నెలో పట్టుకుని మెట్లెక్కి వచ్చారు, తులసికి పోయమని. అమ్మకి కన్నడం రాదు, ఆవిడకి తెలుగు రాదు.

ఆ వానాకాలం తులసి కింద పడిన గింజలు పది పన్నెండు మొలిచాయి. అమ్మ అందులో ఒకదాన్ని పెరుగు డబ్బాలో నాటి కిందకి తీసుకెళ్ళి ఇచ్చింది. రెండు రోజుల తర్వాత ఆవిడ దొడ్డపత్రె కొమ్మ తెచ్చిచ్చారు, మనం వామాకు అనేది అదే. నెలకే కుండీ నిండిపోయింది. మొన్న శుక్రవారం సాయంత్రం వానలో అమ్మ వామాకు బజ్జీలు వేసి కిందకి పంపింది, ఖాళీ గిన్నె ఎందుకని ఆవిడ అదే ఆకుతో చేసిన తంబుళి పోసి పంపారు. అన్నంలో కలుపుకుని తింటూ, "పెరుగు పచ్చడి మాదిరే ఉంది, కానీ కాదు" అంది అమ్మ. రేపు ఎట్లా చేస్తారో చూసొస్తానని చెప్పింది.